మడ్డిలోని తల్లులు

సతుర్నీనా చిచా కుండను, అంటే మొక్కజొన్న కల్లు కుండను, ఏనాడూ పూర్తిగా వంచేది కాదు. మొలకెత్తిన మొక్కజొన్నను ఎండబెట్టి, దంచి, కాచి, ఆ నీళ్లు చల్లారాక పాత కుండ అడుగున మిగిలిన మడ్డి మీద పోసేది. తెల్లారేసరికి కుండంతా నురగ. "మా అమ్మ ఇచ్చిన మడ్డి ఇది, ఆమెకి వాళ్లమ్మ ఇచ్చింది" అని సంతలో చిచా తాగేవాళ్లకు గొప్పగా చెప్పేది.

ఆమె కూతురు హెర్మెలిండాకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఎక్కడైనా ఆ పులుపు వాసన తగిలితే చాలు, పెరూలోని అయకూచో కొండల్లోని బడి, తాను కొత్తగా టీచరైన ఏడు గుర్తొచ్చి కాళ్లు ఆగిపోతాయి.

ఆ ఏడే బడికి సూక్ష్మదర్శిని వచ్చింది. గుంట నీటిబొట్టులో ఒక జీవి నడుము సన్నబడి రెండుగా విడిపోతుంటే పిల్లలు కేకలు పెట్టారు. ఇక చిచాను పులియబెట్టే ఈస్ట్ కూడా చూపిద్దామని, గరిటెడు మడ్డి పంపమని హెర్మెలిండా తల్లికి కబురు పెట్టింది. సతుర్నీనా పంపలేదు. కుండ వీపున కట్టుకుని తనే కొండెక్కి, రొప్పుతూ క్లాసులోకి వచ్చేసింది.

"గరిటెడు పంపితే సరిపోయేదిగా అమ్మా!"

"ఎవరి చేతికో ఇస్తే అలుగుతుందే. ఏదీ, ఆ గొట్టం ఇటు చూపించు."

కన్ను ఆనించింది. "ఏముందే ఇందులో, నల్లగా ఈనెలు!"

"అవి నీ రెప్పవెంట్రుకలమ్మా. కాస్త వెనక్కి జరుగు."

పిల్లలు పకపకా నవ్వారు. సతుర్నీనా కాస్త వెనక్కి జరిగి మళ్లీ చూసింది.

"ఒసే, వీళ్లంతా వీపున పిల్లల్ని కట్టుకున్నారే!"

గుండ్రటి కణాలను అంటుకుని చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి. ఆ బుడిపే పిల్ల అనీ, పెరిగి ఊడిపడి అదీ తల్లవుతుందనీ హెర్మెలిండా చెప్పింది.

"మరి మగాడేడీ?"

"ఇలా కనడానికి అక్కర్లేదమ్మా."

"హాయిగా ఉన్నారు, ముండలు!"

ఈసారి హెర్మెలిండాకూ నవ్వాగలేదు. నవ్వు సద్దుమణిగాక, పిల్ల ఊడిన చోట తల్లి ఒంటిమీద మచ్చ మిగిలిపోతుందని, అది ఈ గొట్టంలో కనబడేంత పెద్దది కాదని చెప్పింది. సతుర్నీనా గొట్టం మీంచి కన్ను తీయకుండానే అంది.

"మిగలకేం? నీ తర్వాత పుట్టినోడు వారం బతకలేదు. వాడి మచ్చా ఉంది."

పుట్టి పోయిన ఆ తమ్ముడి మాట ఆమె నోట రావడం అదే మొదలు, అదే చివర.

తర్వాత కొన్నేళ్లకు సతుర్నీనా పోయింది. చావింటికి సాయమొచ్చిన, వరసకు కోడళ్లయ్యేవాళ్లు పాపం మంచికే ఆ కుండను బూడిదేసి తళతళా తోమేశారు. అమ్మను మట్టిలో పెట్టినప్పుడు నిలదొక్కుకున్న హెర్మెలిండా, ఆ ఖాళీ కుండ చూసి కూలబడి ఏడ్చింది.

ఆ పైన బడిలో పాఠానికి రొట్టెలంగడి ఈస్టే తెచ్చుకునేది. "ఇదీ చిచా మడ్డీ ఒకటేనా టీచర్?" అని ఎవరో ఒకరు అడగకుండా ఉండేవారు కాదు.

"చూడ్డానికి ఒకటేరా" అనేది. "రుచికి కాదు."