పంక్తి లేవకముందు

విజయవాడలో ఎం.ఏ. చదివే రోజుల్లో, ప్రభుత్వాలు మారినప్పుడు పాత నేరాలను ఏం చెయ్యాలన్నది మాకొక పాఠం. శిక్షించొచ్చు, నిజం చెప్పించి క్షమించొచ్చు, లేదా మర్చిపోవచ్చు అని లెక్చరర్‌గారు మూడు దారులు చెప్పారు. బుద్ధిగా రాసుకున్నాను. మూడో దారికి మా వైపు భోజనాలు కూడా పెడతారని ఆయనకు తెలియదు.

మా నాన్న కొల్లేటి దగ్గర చేపల వ్యాపారి. చెరువుల తగాదాలో పక్క ఊరివాళ్లతో గట్టు మీద పెనుగులాట జరిగిన రోజున నీళ్లలో పడి చనిపోయారు. కేసయింది. ఈలోగా ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది. రెండు ఊళ్ల మీదా ఉన్న కేసులన్నీ ఎత్తేశారు. కొత్త నాయకుడొకాయన పూనుకుని రాజీ కుదిర్చి, అందరికీ సహపంక్తి భోజనం ఏర్పాటు చేశాడు. రెండు వైపుల ఆడవాళ్లూ వడ్డించాలన్నాడు.

ఆ భోజనాల రోజున భవానీపురంలోని నా గది నుంచి వెళ్లి మా ఊరి బస్సెక్కాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. అప్పట్లో నా ఒళ్లంతా మొద్దుబారిపోయి ఉండేది. అమ్మ మాత్రం వడ్డనకు ముందు పెద్దల్ని ఒక్కటే అడిగింది.

"కేసూ వద్దు, డబ్బూ వద్దు. ఆ రోజు ఏం జరిగిందో వాళ్లలో ఒకళ్లు నోరు తెరిచి చెప్తే చాలండీ."

నాయకుడు మైకు అందుకుని, "కాలు జారి పడ్డారు, పాపం. ఇక అదంతా తవ్వుకోవద్దు," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

అమ్మ సాంబారు బకెట్టు ఎత్తుకుంది. నాకు మజ్జిగ అప్పజెప్పారు. నాన్నతో పెనుగులాడిన కుర్రాడు పంక్తి మధ్యలో కూర్చున్నాడు. అతని విస్తరి ముందు అమ్మ ఆగింది.

"మా ఆయన కాలు జారే పడ్డారా, బాబూ?"

అతను తల దించుకున్నాడు. లేచిపోవడానికి లేదు. పంక్తి మధ్యలో ఒకడు లేస్తే అందరి భోజనమూ చెడగొట్టినట్టే. పైగా ఇది రాజీ భోజనం. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అన్నం కలుపుతున్న చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వడ్డించండమ్మా," అన్నాడు నాయకుడు. అమ్మ కదల్లేదు.

"లేదు పిన్నిగారూ," అన్నాడు కుర్రాడు చివరికి. "నేనే నెట్టాను. లేస్తారనుకున్నానండీ."

అమ్మ అతని అన్నం మీద సాంబారు పోసింది. మిగిలిన విస్తళ్లన్నిటికీ పోసి, పంక్తి చివర నిలబడ్డ నా దగ్గరకు వచ్చింది.

"మజ్జిగ పొయ్యవే," అంది. "వాళ్లు లేవాలిగా."