ఒక్క బిడ్డకు తెరవని సీసా

మొన్న బుధవారం పక్కింటి దర్జీ సాయిబు గారి కోడలు, బిడ్డకు తొమ్మిది నెలలు నిండాయి, తట్టు టీకా వేయించాలి, సూది అంటే నాకే భయం, మీరు తోడు రండి పెద్దమ్మా అని బతిమాలితే, గిద్దలూరులో మా వీధి చివర ఉన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. అప్పటికే మధ్యాహ్నం కావస్తోంది, వేరే పిల్లలెవరూ లేరు. నా మనవరాలి ఈడు నర్సు ఆ ఒక్క బిడ్డ కోసం కొత్త సీసా తెరిచి, పొడిమందులో నీళ్ళు కలిపి, కుడి భుజానికి సూది వేసి, ఇంకెవరైనా వస్తే సరి, లేకుంటే సాయంత్రం పారేస్తామని తేలిగ్గా చెప్పింది. బిడ్డ ఏడుపు ఆగింది గానీ నా కళ్ళు ఆగలేదు. శుక్లాలమ్మా, ఊరికే నీళ్ళు కారుతుంటాయి అని బొంకి బయటికి వచ్చేశాను.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మన చిన్నప్పుడు తట్టు పోసిన ఇల్లు ఎట్లా ఉండేదో. గడపకు వేపమండ కట్టేవారు, తాలింపు మానేసేవారు, పరాయి మనిషిని లోపలికి రానిచ్చేవారు కాదు, అమ్మవారు వచ్చిన ఇంట్లో మందు పేరెత్తితే అపచారం. నా వెనక పుట్టిన చెల్లెలు అట్లాగే పోయింది. అమ్మవారే తీసుకుపోయిందని మా నాయన చివరిదాకా నమ్మాడు. నేను నర్సు పనిలో చేరింది ఆ చెల్లెలి వల్లనేనని ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

చేరిన కొత్తలో రాచర్ల దిక్కు పల్లెలు నావి. మంచుగడ్డల పెట్టె ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కితే, ఐసుపుల్లలు ఏ ఊళ్ళో అమ్ముతావమ్మా అని కండక్టరు ఆటపట్టించేవాడు. పిల్లలు కూడా ఐసే అనుకొని పెట్టె వెంట పరుగెత్తుకొచ్చి, సూది కనబడగానే వచ్చిన దారినే పరుగెత్తేవారు. నాకు పని నేర్పిన పెద్ద నర్సమ్మ మొదటి రోజే ఒక మాట గట్టిగా చెప్పింది. సీసాలో పది మందికి సరిపడా మందుంటుంది, నీళ్ళు కలిపితే నాలుగు గంటలే ఆగుతుంది, కాబట్టి పిల్లలు పోగయ్యేదాకా తెరవొద్దని. మందు అరుదుగా దొరికే కాలం, ఆమె చెప్పింది తప్పు కాదు. మందు దగ్గర నా అంత పిసినారి లేదని అందరూ నవ్వితే నేనూ మురిసిపోయేదాన్ని. తరువాత మందు ధారాళంగా వచ్చింది, ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవండని పైవాళ్ళు చెప్పారు కూడా. ఆ మాట చెవిన పడింది గానీ చేతికి ఎక్కలేదు.

కరోనా వచ్చిన ఏడు, అంతా మూతపడటానికి సరిగ్గా వారం ముందు, గొర్రెలు మేపుకునే వాళ్ళింటి కోడలు ఒకతె తట్టు టీకాకని ఆడబిడ్డను చంకనేసుకొని ఎండలో నడిచి వచ్చింది. ఏదో జబ్బంట అనే పుకారుకు ఆ రోజు ఇంకెవరూ రాలేదు. ఒక్క బిడ్డకు సీసా ఏం తెరుస్తానులే, వచ్చే బుధవారం నలుగురైదుగురు ఉంటారు, రామ్మా అన్నాను. వచ్చే బుధవారానికి మంద ఎక్కడ ఉంటుందో అని ఆమె నసిగింది. ఎక్కడికి పోతుందిలే అని నవ్వి పంపాను.

ఆ బుధవారం రాలేదు. టీకాలు ఆపి మమ్మల్ని ఇంటింటికీ జ్వరాలు చూడటానికి పంపారు. మళ్ళీ మొదలయ్యాక, టీకా తప్పిన పిల్లల పేర్లు రాసుకుంటూ ఆ బిడ్డ పేరే మొదట రాశాను. ఫోను కలవలేదు, వాళ్ళు మేత కోసం మందను తోలుకొని దూరం పోయారన్నారు. నాలుగుసార్లు ఫోను చేసి, ఐదోసారి మరిచిపోయాను.

మరుసటి ఎండాకాలం వాళ్ళు తిరిగి వచ్చిన పది రోజులకు, ఆ ఇంటి గడపకు వేపమండ కట్టారని ఆశా కార్యకర్త చెప్పింది. ఉద్యోగమంతా వేపమండ ఉన్న గడప నేను దాటలేదు, బయట నిలబడే జాగ్రత్తలు చెప్పేదాన్ని. ఆ పూట దాటాను. అప్పుడప్పుడే మాటలు నేర్చిన పిల్ల, ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. వద్దన్న అత్తను కాదని బండి పిలిపించి పెద్దాసుపత్రికి పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మూడో రోజు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చారు.

ఊళ్ళో ఇంకో ముగ్గురికి తట్టు తేలింది. మిగిలిన పిల్లలకైనా టీకా వేద్దామని బడి వరండాలో కూర్చుంటే, అమ్మవారిని సాగనంపేదాకా సూది ముట్టేది లేదని పెద్దలు పట్టుబట్టారు. పొద్దంతా ఒక్కరూ రాలేదు. మూడు దాటాక ఆ తల్లి వచ్చింది, తన మరిది కొడుకును చంకనేసుకొని. నా ఎదురుగా నిలబడి అడిగింది.

"ఒక్కడే ఉండాడు నర్సమ్మా. ఇప్పుడు ఏస్తావా, మళ్ళా బుధవారం రమ్మంటావా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఉద్యోగంలో మొదటిసారి ఒక్క బిడ్డ కోసం సీసా తెరిచాను, నీళ్ళు కలిపి ఆ పిల్లాడి కుడి భుజానికి సూది వేశాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లే తెచ్చిందని తెలిసి, చీకటి పడేలోగా ఊరి పిల్లలంతా వచ్చారు. ఆ ఊళ్ళో తట్టుతో ఇంకో బిడ్డ పోలేదు. ఆ మాట అందరూ నాకు మెప్పుగా చెబుతారు, అది ఆమెకు దక్కాల్సిన మెప్పు.

ఆ ఏడే నేను ఉద్యోగం నుంచి దిగిపోయాను. వీడ్కోలు సభలో ఎవరో, ఈమె ఇన్నేళ్ళలో ఒక్క సీసా వృథా చేయలేదని పొగిడి శాలువా కప్పారు. ఇప్పటి నర్సులకు మా పొదుపు తెలియదు, వాళ్ళ చేతికి అది అంటకపోవడమే మేలు. మొన్న ఇంటికి రాగానే పెట్టె తెరిచి ఆ శాలువా తీశాను, పక్కింటి బిడ్డకు సూది జ్వరం వస్తే కప్పమని ఇద్దామనుకున్నాను. ఆ పొగడ్తతో కప్పిన శాలువాను ఒక బిడ్డ మీద కప్పడానికి చేతులు రాలేదు. మళ్ళీ మడిచి అడుగున పెట్టేశాను.