బ్రేకు లైటు వైరు

కొన్నేళ్ల కిందట షార్జాలో ఒక గ్యారేజీలో కార్ల కరెంటు పని చేసేవాణ్ణి. నెల్లూరులోనూ అక్కడా కలిపి అప్పటికే పదిహేనేళ్ల అనుభవం. అయినా ఎలక్ట్రిక్ కారు నా చేతికి రావడం అదే మొదలు.

తెచ్చినావిడది భీమవరం వైపు. చాలాకాలం అరబ్బుల ఇళ్లలో వంట చేసి, అప్పుడప్పుడే సొంతంగా పెళ్లిళ్లకీ చర్చి కూడికలకీ వండుతోంది. కారు వెనక కొక్కెం బిగించి, గిన్నెలూ స్టవ్వులూ మోసే చిన్న ట్రైలర్ తగిలించమంది. మర్నాడే ఒక పెళ్లి వంట ఒప్పుకుంది.

కొక్కెం పని సాఫీగా అయింది. కారు అడుగున ముందే ఉన్న రంధ్రాల్లో బోల్టులు పట్టాయి. ఇక మిగిలింది ట్రైలర్ దీపాలు. వాటికి కరెంటు విడిగా అందించే చిన్న పెట్టె ఒకటి పెట్టాలి. లేకపోతే ఆ భారం కారు కంప్యూటర్ మీద పడుతుంది. పెట్టె రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు.

"పెట్టె ఎందుకు? వెనక లైటు వైరుకు సీదా జోడ్ దో. ఖలాస్," అన్నాడు మా ముదీర్, అంటే గ్యారేజీ మేనేజరు.

తప్పని తెలుసు. ఆవిడ గడియారం చూసుకుంటోంది. ముదీర్ నా వెనకే నిలబడ్డాడు. కలిపేశాను.

ఆవిడ కూర్చుని బ్రేకు తొక్కింది. ట్రైలర్ దీపం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే కారు తెర నిండా హెచ్చరికలు వచ్చి, తెర నల్లబడిపోయింది. గేరు పడలేదు.

"తమ్ముడూ, బండి పోయినట్టేనా?"

కలిపిన వైర్లు విప్పి, ముందున్న చిన్న బ్యాటరీ తీగ ఊడదీసి, పది నిమిషాలు ఆగాను. చెమటకు స్పానర్ చేతిలోంచి జారుతోంది. ఆవిడ కారు పైన చెయ్యి వేసి అలాగే నిలబడింది. తీగ మళ్లీ బిగించాక తెర వెలిగింది. గేరు పడింది.

"తప్పు నాదే అక్కా. తెలిసీ చేశాను. ఆ పెట్టె వచ్చేదాకా ఇంక ఈ వైరు ముట్టుకోను."

"మరి రేపు నా గిన్నెలు ఎలా ఎల్తాయి?"

పికప్ నడిపే మావాడొకడికి ఫోన్ చేశాను. వస్తానన్నాడు.

రెండు రోజులకు పెట్టె వచ్చింది, ఆవిడా వచ్చింది. నిదానంగా బిగించాను. నా భయం మాత్రం తీరలేదు. ట్రైలర్ తగిలించుకుని ఆవిడ ముందు పోతుంటే, నేను గ్యారేజీ బండిలో వెంబడించాను. రౌండెబౌట్ దగ్గర ఒక లారీ అడ్డంగా దూరింది. ఆవిడ గట్టిగా బ్రేకు వేసింది. ట్రైలర్ వెనక రెండు ఎర్రదీపాలూ ఒకేసారి వెలిగాయి. నేనూ ఆగాను, నా వెనకాల బస్సూ ఆగింది.

పక్కకు తీసి ఫోన్ చేసింది. "వెలిగాయా తమ్ముడూ?"

"వెలిగాయక్కా. తెర మీద ఏమన్నా వచ్చిందా?"

"ఏం రాలేదు. ఇంక నువ్వెళ్లు, నాకు వంట ఉంది."