మత్తిగిరిలో ఇల్లు ఖాళీ చేయించిన రోజు

2023 అక్టోబరు. తమిళనాడు సరిహద్దులోని మా హోసూరులో వానలు ఇంకా తగ్గలేదు. అప్పటికి పదహారేళ్లుగా నేను స్ట్రక్చరల్ ఇంజనీరుగా సొంత ఆఫీసు నడుపుతున్నాను. ఇంటికి ప్లాను గీసేవాళ్లు వేరు. ఆ ఇల్లు తన బరువును తాను మోయగలదా అని లెక్క చూసేది మేము. అంతకు ముందు రెండేళ్లలో నా దగ్గరికి వచ్చిన పనులు చాలావరకు ఒకటే రకం: ఉన్న ఇంటిమీద ఇంకో అంతస్తు. కొత్త ఫ్యాక్టరీలు వచ్చాయి. బెంగళూరులో బాడుగలు కట్టలేనివాళ్లు ఇక్కడికి దిగారు. ఆంధ్రా, తెలంగాణల నుంచి పనికి వచ్చేవాళ్లు నెలనెలా పెరిగారు. బాగలూరు రోడ్డులో రేకుల గదికి కూడా టులెట్ బోర్డు పెట్టిన పూటే మనిషి దొరికేవాడు.

నాగరాజ శెట్టిగారికి మత్తిగిరిలో ప్రొవిజన్ స్టోరు ఉంది. దాని వెనకా పైనా కలిపి మూడంతస్తుల ఇల్లు. అంతా బాడుగకే ఇచ్చారు. ఒక బుధవారం ఫోన్ చేశారు.

"పైన ఇంకో ఫ్లోరు ఎత్తినాము మేడమ్. శుక్రవారం స్లాబు. లోనుకి బ్యాంకోళ్లు స్టెబిలిటీ సర్టిఫికెట్ అడగతా ఉండారు. మీరొక తూరి వచ్చి సంతకం పెట్టి ఇస్తే సాలు."

స్టెబిలిటీ సర్టిఫికెట్ అంటే, కట్టడం కొత్త బరువును తట్టుకుంటుందని ఇంజనీరు పూచీపడి రాసిచ్చే కాగితం. ఊరికే సంతకం పెట్టేది కాదు. మర్నాడు పదిగంటలకు పాత ప్లాను చేతిలో పెట్టుకుని వెళ్లాను.

ప్లానుకూ ఇంటికీ పోలిక లేదు. ఒక్కో ఇంటిని మధ్యలో గోడపెట్టి రెండు పోర్షన్లు చేశారు. ప్రతి పోర్షనుకూ కొత్తగా ఒక బాత్రూము. కింద బండ్లు పెట్టుకునే చోటును కూడా గోడలతో మూసి ఇల్లు చేశారు. ఆ ఇంట్లో కళావతి అనే ఆమె కాపురం. పలమనేరు దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు. భర్త లారీ డ్రైవరు, ఆ రోజు ఊళ్లో లేడు. కూతురు బడికి పోయింది.

నేను లోపలికి రాగానే ఆమె వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఈడ ఏమీ లేదు మేడమ్. అంతా బాగుండాది."

నేనింకా ఏమీ అడగలేదు. ప్లానులో ఆ మూల ఒక కాలమ్ ఉందని, అంటే ఇంటి బరువును నేలకు దించే స్తంభమని, దాన్ని చూడాలని చెప్పాను. ఆమె మెల్లగా పక్కకు జరిగింది. మూలన గోడకు పూలబొమ్మల ప్లాస్టిక్ షీటు అంటించి ఉంది. అంచు పట్టుకుని లాగితే సిమెంటు పెచ్చు ఊడి నా అరచేతిలో పడింది.

కాలమ్ నిలువునా చీలి ఉంది. లోపలి ఇనుప కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బాయి. పై బాత్రూము పైపు దించడానికి ఎవరో ఆ కాలమ్‌ను దాదాపు సగం దాకా చెక్కేశారు. పైపు చుట్టూ సిమెంటు పూసి మూసేశారు.

"ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఇది?"

"ఆషాఢంలో సన్నగా గీతమాదిరి ఉండె. ఇప్పుడు వేలు పడతాది."

"శెట్టిగారికి చెప్పలేదా?"

ఆమె వీధివాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "పైన రమణమ్మోళ్లని ఉండిరి మేడమ్. బాత్రూము కారతా ఉండాదని చెప్పినారు. రిపేరు చేయాల, ఖాళీ చేయండి అని శెట్టిగారు అనినారు. సున్నం కొట్టి, నెల తిరక్కముందే వేరేవాళ్లకి ఒకటికి ఒకటిన్నర బాడుగకి ఇచ్చేసినారు. ఆ యమ్మ ఇప్పుడు అంత దూరం బేరికె నుంచి బస్సులో పనికి వస్తాది. నేను నోరు తెరిస్తే మేము యాడికి పోయేది?"

నా పని నేను చేశాను. చీలికకు అడ్డంగా సన్నటి గాజుపలకను ప్లాస్టరుతో అంటించాను. దీన్ని మేము టెల్‌టేల్ అంటాం. చీలిక పాతదై కదలకుండా ఉంటే గాజు అలాగే ఉంటుంది. కదులుతుంటే పగులుతుంది. మామూలుగా దీన్ని వారాల తరబడి గమనిస్తాం.

తర్వాత మిద్దెమీదికి వెళ్లాను. గోడలు లేచాయి, స్లాబుకు కమ్మీలు కట్టి ఉన్నాయి. సరిగ్గా ఆ మూలకు పైనే నిలువెత్తున ఇటుకలు పేర్చారు. అయిదుగురు కూలీలు పనిలో ఉన్నారు. కొలతలు రాసుకుని అరగంటకు కిందికి వచ్చి చూస్తే గాజు రెండు ముక్కలై ఉంది.

ముందు పైనున్న కూలీలను దింపించాను. ఫైర్ స్టేషనుకు ఫోన్ చేశాను. అక్కడ పని చేయిస్తున్న మేస్త్రీ గోవిందప్పను జాకీల కోసం పంపాను. జాకీ అంటే స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే ఇనుప ఊతకంబం, మర తిప్పితే ఎత్తు పెరుగుతుంది. తర్వాత అంగట్లో ఉన్న శెట్టిగారిని పిలిచాను.

"ఒక గాజుపెంకు పగిలిందని ఇల్లు ఖాళీ చేయమంటే ఎట్ల మేడమ్? రేపు స్లాబు. కాంక్రీటు బండికి చెప్పేసినాను."

"రేపు కాంక్రీటు పోస్తే ఈ మూల కుంగి కూర్చుంటుంది. అసలు రేపటిదాకా ఆగుతుందని కూడా నేను చెప్పలేను."

ఆయన కాలమ్ దగ్గరికి వచ్చి చూశారు. మొహం పాలిపోయింది. అందరినీ బయటికి రమ్మని తానే కేకేశారు. జనం మెట్లమీదికి వచ్చారు, అక్కడే ఆగిపోయారు. కళావతి అసలు కదల్లేదు. తన గడపమీద కూర్చుంది.

"నేను రాను మేడమ్. ఈ పొద్దు గడప దాటితే రేపు ఈయప్ప నన్ను రానీడు. రమణమ్మకి అయినట్లే అవతాది."

మెట్లమీది వాళ్లు కూడా ఆ మాటే పట్టుకున్నారు. యజమాని ఒప్పుకోకపోవడం నాకు కొత్త కాదు. ప్రాణం పోతుందంటే కూడా కాపురమున్నవాళ్లు కదలకపోవడం అదే మొదటిసారి చూడటం. ఆమె వెనక, వంటింట్లోంచి చిటుకు చిటుకుమని శబ్దం వస్తోంది. కాంక్రీటు లోపల నలుగుతున్నప్పుడు అలా వస్తుంది. అది నాకొక్కదానికే అర్థమవుతోంది.

ప్లాను కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశాను. "శెట్టిగారూ, రిపేరు అయ్యాక వీళ్లే తిరిగి వస్తారని, బాడుగ పెంచనని రాసివ్వండి."

"అది మీ పనా మేడమ్?"

"కాదు. కానీ అది రాస్తే తప్ప వీళ్లు లేవరు. వీళ్లు లేచేంత సేపు ఆ కాలమ్ ఆగుతుందో లేదో నాకు తెలీదు."

"నాకూ లోను ఉండాది మేడమ్" అన్నారాయన మెల్లగా. నేను పెన్ను చాచి అలాగే నిలబడ్డాను. ఒక్కో కాపురం పేరూ నేను రాశాను, మొత్తం ఏడు. ఆయన సంతకం పెట్టారు. ఆ కొద్ది నిమిషాల్లోనే గోవిందప్ప వంటింట్లో దూలం కింద ఆరు జాకీలు బిగించాడు. ఆ పని చేస్తుండగా అతను ప్రాణం అరచేతిలో పెట్టుకున్నాడని నాకు తెలుసు, అతనికీ తెలుసు.

కాగితం చదివి వినిపించాక కళావతి లేచింది. అందరూ వీధిలోకి వచ్చారు. నేను తలలు లెక్కపెట్టాను, రాసుకున్న ఏడు కాపురాలకూ సరిపోయాయి. అప్పుడు కళావతి నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, పై రూములోళ్లు రాలేదు."

"ఏ రూము?"

"నీళ్ల ట్యాంకు పక్కన. నలుగురుండారు. నైట్ షిఫ్టు చేసొచ్చి నిద్రపోతా ఉంటారు."

నేను మిద్దె ఎక్కినప్పుడు ఆ తలుపు చూశాను. సామాన్ల గది అనుకున్నాను. శెట్టిగారి వైపు చూస్తే ఆయన తల వంచుకున్నారు. "అది ప్లానులో లేదు గదా మేడమ్. దానికే చెప్పలేదు."

నేనూ గోవిందప్పా మెట్లెక్కాం. తలుపుకు లోపల గడియ. ఫ్యాను హోరు బయటికి వినిపిస్తోంది. ఇద్దరం అరచేతులతో బాదాం. ఎవరూ పలకలేదు. గోవిందప్ప ఒక ఇటుక తీసుకుని తలుపుమీద కొట్టాడు. కాసేపటికి ఒకతను కళ్లు నులుముకుంటూ తీశాడు.

"ఏమైంది మేడమ్?"

"ఇల్లు కూలుతోంది. దిగండి."

ముగ్గురు ఉన్న బట్టలతోనే దిగారు. నాలుగో అతను తన చదువు సర్టిఫికెట్ల ఫైలు కోసం వెనక్కి తిరిగాడు. గోవిందప్ప అతన్ని మెడపట్టి లాక్కొచ్చాడు. మేము గేటు దాటి పది అడుగులు వేశామో లేదో, లోపల చప్పుడైంది. నేను భయపడినంత పెద్దది కాదు. ఎండు కొమ్మ విరిగినట్టు ఒక్కసారి. వెంటనే వంటింటి కిటికీలోంచి దుమ్ము బయటికి వచ్చింది. కాలమ్ నలిగిపోయింది. దూలం రెండంగుళాలు దిగి జాకీలమీద కూర్చుంది. ఇల్లు నిలబడింది. కళావతి వీధిలోనే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫైరువాళ్లు వచ్చి ఇంటి చుట్టూ తాడు కట్టేదాకా నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

కొత్త అంతస్తును తీయించేశాం. ఆ కాలమ్‌కు, మిగతా వాటికి జాకెటింగ్ చేయించాం. అంటే పాత స్తంభం చుట్టూ కొత్త కమ్మీలు కట్టి మళ్లీ కాంక్రీటు పోయడం. దాదాపు మూడు నెలలు పట్టింది. శెట్టిగారు మాట తప్పలేదు. "ఇప్పుడున్న రేటుకి ఇచ్చుకోకుండా పాత బాడుగకే ఇచ్చినానని బజారులో అందరూ నన్ను చూసి నగతా ఉండారు మేడమ్" అని నాతో ఒకసారి అన్నారు. ఏడు కాపురాల్లో అయిదు తిరిగి వచ్చాయి, కళావతిది కూడా. మిగతా రెండు ఈలోగా పిల్లల బడుల కోసం వేరేచోట స్థిరపడ్డాయి.

పై గదిని పడగొట్టాలని రిపోర్టులో రాసింది నేనే. అలా రాయక తప్పదు. అక్కడ గది ఉండకూడదు. అది పడిన మర్నాడు ఆ నలుగురూ మా ఆఫీసుకు వచ్చారు. తలుపు తీసినతనే అడిగాడు.

"ఆ కాగితంల మా పేర్లు గూడ రాసిన్రా మేడమ్?"

రాయలేదని చెప్పాను. ఆ సమయానికి వాళ్లున్నారని నాకు తెలీదని కూడా చెప్పాను. పేర్లు రాసి ఉన్నా ఆ గది మిగిలేది కాదని చెప్పడానికి నోరు రాలేదు. అతను "సరే మేడమ్" అన్నాడు. నలుగురూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఎక్కడికి వెళ్లారో నాకు తెలీదు.

ఆ తర్వాత నా పనిలో ఒకటి మారింది. హోసూరులో గానీ కృష్ణగిరిలో గానీ ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా ముందు యజమానిని కిందే కూర్చోబెట్టి, ఒక్కదాన్నే ప్రతి తలుపూ తడతాను. ఇక్కడ ఎందరుంటారు, ఇప్పుడు నిద్రపోతున్నదెవరు, మీరు చెప్పడానికి భయపడుతున్నదేమిటి అని అడుగుతాను. రిపేరు అవసరమైతే ఆ నెలల్లో వాళ్లెక్కడుంటారో, తిరిగి ఎలా వస్తారో రిపోర్టులోనే యజమాని చేత ఒక పేజీ రాయిస్తాను. ఇది ఇంజనీరింగులోకి వస్తుందా అని యజమానులు విసుక్కుంటారు. ఇల్లు పోతుందన్న భయంతో ఒక మనిషి పగులును మూడు నెలలు దాచిపెట్టింది. దాన్ని కనిపెట్టే పరికరం నా సంచిలో లేదు. అడిగితేనే తెలుస్తుంది.