ఓబమ్మ దాచిన మందు

ముదిగుబ్బ పక్క పల్లెలో ఓబమ్మకు ఒక పేరుంది. కరువుకు తాళలేక ఊరంతా విత్తనపు కాయలు వేయించుకు తిన్న ఏడు కూడా ఆమె తన మూట కట్టు విప్పలేదు. పిల్లలు ఏడ్చినా విప్పలేదు. వేరుశనగల్లో మంచివి ఏరి, వేపాకు కలిపి, గుడ్డలో కట్టి అటక మీద పెట్టేది. మరుసటి ఏడు వాన పడగానే, పిసినారి అని నవ్విన వాళ్ళే ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. అప్పటినుంచి ఆమె చేతికి ఏది వచ్చినా కొంత పక్కకు పోవాల్సిందే. సబ్బు బిళ్ళనైనా సగం కోసి దాచే మనిషి.

అలాంటి ఓబమ్మ మొగుడు తిప్పన్నను, తను మేపిన పొట్టేలే కడుపులో కుమ్మింది. పేగు చిట్లింది. అనంతపురంలో ఆపరేషన్ చేశారు గానీ పేగు కుట్టిన చోట మళ్ళీ కారసాగింది. నోట్లో మంచినీళ్ళు కూడా పోయకూడదన్నారు. మెడ నరంలోకి సన్నటి గొట్టం వేసి, పాలలా తెల్లగా ఉన్న సంచి ఒకటి వేలాడదీశారు. ఇక అతనికి అదే అన్నం, అదే నీళ్ళు.

రోజూ ఆ సంచినీ, దాంతోపాటు రెండు చిన్న గాజు బుడ్లనూ మందుల షాపులో తెచ్చి నర్సుకివ్వడం ఓబమ్మ పని. బుడ్లు చూస్తే చిటికెన వేలంత కూడా లేవు. ఎందుకివని షాపతన్ని అడిగింది.

"బలానికక్కా" అన్నాడతను తలెత్తకుండా.

బలానికి! ఓబమ్మ మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. కడుపు నింపడానికి పెద్ద సంచి ఉండనే ఉంది. బలం మందు ఇప్పుడే పోసేస్తే, రేపు ఎండలో గొర్రెల వెంట తిరిగేటప్పుడు ఏం చేయాలి? సంచి మాత్రం నర్సుకిచ్చి, బుడ్లు కొంగున ముడేసుకుంది. ఆ పూట మొదలు రోజూ అదే పని. షిఫ్టుకొకరుగా మారే నర్సులు, ముందు వాళ్ళు బుడ్లలోది సంచిలో కలిపే ఉంటారని ఎవరికి వారే అనుకున్నారు. ఎంత ఘోరమో చూడండి, ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు.

వారాలు గడిచాయి. గాయం పూడలేదు సరికదా, కుట్లు విడిపోయి తెరుచుకుంది. మూతి చుట్టూ చర్మం ఎర్రబడి పొట్టు లేచింది. జుట్టు దిండు మీద రాలిపోతోంది. కట్టు మార్చేటప్పుడు ఆ పుండును చూసి ఓబమ్మ కొయ్యబారిపోయింది.

ఆ రోజు డాక్టర్ జయచంద్ర తిప్పన్న మూతిని పరీక్షగా చూసి, నర్సు అశ్విని వైపు గిర్రున తిరిగాడు.

"సంచిలో బుడ్లు కలుపుతాండారా?"

అశ్విని ముఖం పాలిపోయింది. "నా డ్యూటీలో బుడ్లు రాలేదు సార్. ముందే కలిపినారేమో అనుకుంటి."

"యాడికి పోయినాయమ్మా అవి?" అని ఓబమ్మను అడిగాడు.

"యాడికీ పోలేదు సార్, బద్రంగా ఉండాయి" అంది ఓబమ్మ, కాస్త గర్వంగానే. మంచం కిందినుంచి గుడ్డమూట లాగి విప్పింది. ఎండిన వేపాకులు జలజలా రాలాయి. వాటి మధ్య గాజు బుడ్లు, ఒక్కటీ పగల్లేదు.

జయచంద్ర ఒక వేపాకు చేతిలోకి తీసుకుని చూశాడు. తిట్టబోయి ఆగాడు.

"అమ్మా, సంచిలో ఉండేది అన్నం మాదిరి. ఈ బుడ్లలో జింకు, విటమిన్లు ఉంటాయి. తినే మనిషికైతే పప్పులోనో కూరాకులోనో వస్తాయి. ఈయనకు నోట్లోకి ఏమీ పోదు కదా. ఇవి లేకుంటే గాయం ఎట్లా పూడుతాది?"

"అంటే... నేనేనా సార్, ఇట్ల చేసింది?"

"చెప్పాల్సింది మేము. చెప్పలేదు."

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. గోడకానుకుని కూలబడింది. కరువులో ఇల్లు నిలబెట్టిన బుద్ధే మొగుడి కడుపు మీద ఇంత పుండు పెట్టింది. ఏడుద్దామన్నా ఆమెకు ఏడుపు రాలేదు.

డాక్టర్ కొత్త బుడ్లు తెప్పించాడు. అవి సంచిలో కలిసేదాకా ఓబమ్మ నర్సు పక్కనుంచి కదిలేది కాదు. ముందు మూతి మానింది. తర్వాత గాయం అడుగున ఎర్రటి కండ పుట్టింది. పేగూ నిదానంగా దారికొచ్చింది.

అన్నం తినొచ్చని డాక్టర్ చెప్పి పంపాక, తిప్పన్న ఇల్లు చేరిన రోజు ఓబమ్మ అటక మీది మూట దించింది. వేపాకు దులిపి, కాయలు ఒలిచి, వేయించి మెత్తగా నూరింది. వాసనకు వచ్చిన తిప్పన్న, విప్పేసిన మూటను చూసి నిర్ఘాంతపోయాడు.

"ఏమే, పిచ్చి పట్టిందా నీకు? విత్తనాలే అవి!"

"తెలుసు. తిను."

"రేపు వాన పడితే?"

"వాన సంగతి వాన పడినప్పుడు. దాచి దాచి నిన్ను మట్టిలో పెట్టేదాన్ని గదయ్యా" అంది ఓబమ్మ.

ఆమె ముద్ద కలిపి అతని నోట్లో పెట్టింది. అతను మింగేదాకా గొంతునే చూస్తూ ఉండి, ఇంకో ముద్ద కలిపింది.