గ్రాఫు మాస్టర్ కుడి హంస

"మేడమ్, నాయన పోయినాడు" అని ధర్మవరం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను హిందూపురంలో ఎక్సెల్ క్లాసు చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్న గ్రాఫు మాస్టర్ కూతురు, ఏడుస్తూనే ఉంది. ఆ పూటకు క్లాసు చాలించి, దొరికిన రైలెక్కాను.

మీలో చాలామందికి ఆయన తెలియరు. ఆయన పని మాత్రం తెలిసే ఉంటుంది. ధర్మవరం పట్టుచీర అంచులో మీరు చూసే నెమలైనా హంసైనా ముందు గ్రాఫు కాగితం మీదే పుడుతుంది. ఒక గడి అంటే ఒక పోగు. ఆ గళ్లు నింపేవాడే గ్రాఫు మాస్టర్. ఆయన అరవై దాటాక నా దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చారు. "మీ ఊళ్లోనే నేర్చుకోవచ్చు కదా సార్?" అన్నాను. "ఆడైతే మగ్గాలోళ్లంతా నవ్వుతారు మేడమ్, ముసలోనికి ఈ వయసులో ఏం పుట్టిందప్పా అని!" నేను ఆయన్ని సార్ అనేదాన్ని, ఆయన నన్ను మేడమ్ అనేవారు. వినేవాళ్లకు ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారో తెలిసేది కాదు.

ఆయన తొందరకు కారణం ఉంది. వాళ్ల నాయన గీసిన గ్రాఫులు పెట్టెలో పొడి రాలుతున్నాయి. చక్కెర జబ్బుతో ఈయన చూపు తగ్గుతోంది. "కండ్లుండగానే ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించల్ల మేడమ్. ఇంకేం ఆశ లేదు నాకు" అనేవారు.

నేను మా పెనుకొండలో రైలెక్కేసరికి ధర్మవరం నుంచే నాకు సీటు పట్టి, నోటుబుక్కు తెరుచుకుని ఉండేవారు. హిందూపురం వచ్చేలోపు సందేహాలన్నీ తీరాలి. గళ్లన్నీ చదరంగా ఎలా చేయాలి? ఒకటి కొడితే గడి ఎర్రగా, రెండు కొడితే జరీ రంగులోకి ఎలా మారాలి? పోగుల నంబర్లున్న పై వరస కదలకుండా ఎలా బిగించాలి? నూరు గళ్లు ఎంచుకుని, ఒకటి కొట్టి, కంట్రోల్ నొక్కిపట్టి ఎంటర్ కొడితే నూరూ ఒకేసారి నిండుతాయని క్లాసులో చూపించిన రోజు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఓర్నీ పాసుగూల! ఇన్నేండ్లు నా నడుం ఇరిగింది దీనికేనా!"

అంచులో హంసలు ఎదురెదురుగా ఉంటాయి. ఎడమ హంస నింపితే చాలు, దాన్ని పక్కన కాపీ చేసి, పైన నంబర్లు వేసి, పెద్ద నంబరు నుంచి చిన్న నంబరుకు వరస మారేలా అడ్డంగా సార్ట్ చేస్తే బొమ్మ తిరిగి కుడి హంస అయిపోతుంది. నాకు ఆ చిట్కా మీద మహా గర్వం. ఒక రోజు ఫోన్లో మాట్లాడుతూ, ఆయన ఫైల్లో అడ్డంగా చేయాల్సిన సార్ట్ నిలువుగా కొట్టేశాను. చూసుకోకుండా సేవ్ చేసి మూసేశాను కూడా. మళ్లీ తెరిస్తే హంస ముక్కు తోకలో ఉంది, కాళ్లు మెడలో ఉన్నాయి. రెండు నెలల పని మట్టిపాలు.

నేను ఏడ్చేశాను. "ఊరుకో మేడమ్. పోగు తెగితే ముడేసుకుంటాం గానీ మగ్గం ఇరగ్గొట్టుకుంటామా?" అని, ఆ మధ్యాహ్నమే మొదటి గడి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. సార్ట్ చేసే ముందు షీటుకు నకలు తీసుకోండని ఇవాళ నా క్లాసులో ఒకటికి పదిసార్లు చెబుతున్నానంటే, ఆ రోజు తగిలిన దెబ్బే కారణం.

కోర్సు అయిపోయాక అప్పుడప్పుడు ఫోన్ చేసేవారు. "ఇంకో జత అయిపాయ మేడమ్" అని. "కుడి హంస ఒక్క నిమిషం పనే కదా సార్!" అంటే, "అవునవును, ఒక్క నిమిషమే" అని నవ్వేవారు.

దినాలకు మళ్లీ వెళ్లినప్పుడు ఆయన కూతురు కంప్యూటర్ తెరిచింది. "ఈ ఒక్కటే మిగిలిపాయ మేడమ్" అంది. అన్నిటికన్నా పెద్ద అంచు. ఎడమ హంస నిండుగా ఉంది. కుడి హంసకు ముక్కు, మెడ, సగం రెక్క. నాకు అర్థం కాలేదు. తిప్పితే బొమ్మంతా ఒకేసారి రావాలి, సగం ఎలా వస్తుంది?

"యాడ తిప్పినాడు మేడమ్!" అంది ఆమె. "ఆ పొద్దు చెడిపోయినప్పట్నుంచి ఆ సార్ట్‌ను ముట్టిందే లేదు. కుడి హంసలన్నీ భూతద్దం పెట్టుకోని, గళ్లు లెక్కబెట్టుకుంటా చేత్తోనే కొట్టినాడు. ఆయమ్మకు చెప్పొద్దు, నొచ్చుకుంటాది అన్నాడు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన మీద కోపమూ వచ్చింది. ఉన్న కాస్త చూపూ ఇలా అరగదీసుకుంటారా సార్? ఒక్క మాట చెబితే నేనే వచ్చి పక్కన కూర్చుని చేయించనా?

మౌస్ పట్టుకున్నాను. నిజంగానే ఒక్క నిమిషం పని. చేయి ముందుకు పోలేదు. మౌస్‌ను పక్కకు నెట్టి, "ఎడమ హంసను వరస వరసా చదువమ్మా" అన్నాను. ఆమె స్టూలు లాక్కుని తెర దగ్గరికి జరిగింది.

"మూడు ఎరుపు... ఒగటి జరీ... మళ్లా ఐదు ఎరుపు..."

ఆమె ఎడమ నుంచి కుడికి చదువుతుంటే, నేను కుడి నుంచి ఎడమకు కొట్టుకుంటూ పోయాను. నా రైలు టైము దాటిపోయింది. అప్పటికి రెక్కలో ఇంకో ఈక మొలిచింది.