బండి ఆగినా కరెంటు ఉండాలి

మా ఆయనకు గొంతు క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. ఊపిరి దాంట్లోంచే. మాట లేదు. ఆ రంధ్రంలో కఫం అడ్డుపడినప్పుడల్లా సన్నని గొట్టం పెట్టి మిషన్‌తో లాగెయ్యాలి. లేకపోతే ఊపిరాడదు. దవాఖానలో నర్సమ్మ ఆ పని నాకు నేర్పింది. మొదట్లో ఆమె చెప్పింది వరుసగా పైకి అనుకుంటూ చేసేదాన్ని. తర్వాత తర్వాత అన్నం కలిపినంత మామూలైపోయింది.

నాది సంతల్లో బట్టలమ్మే బతుకు. పిల్లల చొక్కాలు, నైటీలు, లంగాలు. ఇల్లు గద్వాలలో. ఒకరోజు రాజోలి, ఒకరోజు వనపర్తి వైపు, ఒకరోజు నాగర్‌కర్నూల్. పాత వ్యాన్ ఒకటుంది, పన్నెండేళ్ళుగా నేనే నడుపుతున్నాను. ఆయన బోర్లు వేసే లారీ మీద పనిచేసేవాడు, ఇంటి పట్టున ఉన్న రోజులు తక్కువ. జబ్బు చేశాక ఒక్కణ్ణే వదలలేక నాతో పాటే సంతకు తీసుకుపోవడం మొదలుపెట్టాను. వ్యాన్‌లో మూటల మధ్య జంపఖానా పరిచి కూర్చోబెట్టేదాన్ని. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసేవాడు. తొందరైతే బలపంతో పలకను టకటకా కొట్టేవాడు.

మిషన్ లోపలి బ్యాటరీ ఏడాదికే చచ్చిపోయింది. ఇంట్లోనైతే గోడ ప్లగ్గు ఉంది. బండిలోనైతే సిగరెట్ ముట్టించుకోవడానికి ఉండే రంధ్రంలో వైరు పెట్టాలి. పాత బండి కదా, తాళంచెవి తిప్పి ఉంచితేనే దాంట్లో కరెంటు. రోజంతా ఇంజన్ నడిపిస్తే ఆ పొగంతా ఆయన మెడ రంధ్రంలోకే పోతుంది. తాళంచెవి బండికే వదిలేసి నేను బట్టలు చూపిస్తుంటే ఎవడైనా ఎక్కి తోలుకుపోవచ్చు. దొంగ దొంగ అని అరవడానికి లోపలున్న మనిషికి గొంతు లేదు.

అందుకే వనపర్తిలో బండ్ల కరెంటు పని చేసే ఒకాయన దగ్గరికి పోయాను. నాకంటే చిన్నవాడే.

"తమ్మీ, చావి తీసినంక గూడ కరెంటొచ్చే సాకెట్ ఒకటి పెట్టాలె. బ్యాటరీ నుంచి సీదా. మిషన్ నడవాలె దాని మీద" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. సీటులో కూర్చున్న మా ఆయన వైపు వంగి, "ఏమన్నా, ఏం మిషన్? ఎంత సేపు నడుస్తది?" అని అడిగాడు.

ఆయన చేత్తో మెడ చూపించాడు. అంతే, అతను ఇంకా గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు అరిచాడు. "ఏం మిషనన్నా?"

"ఆయనకు ఇనబడ్తది. మాటే రాదు. బండి నాది, నాతోని మాట్లాడు" అన్నాను.

"సరే అక్కా, అయితది తీ" అన్నాడు. అని మళ్ళీ ఆయన వైపే తిరిగి, బండి ఎన్నాళ్ళ కిందిది, బ్యాటరీ ఎప్పుడు మార్చారు అని అడిగాడు. నేను జవాబులు చెప్తూనే ఉన్నాను. అతను తలూపుతూనే ఉన్నాడు, ఆయనకు.

గంటలో పని అయిపోయింది. ఇంజన్ నడుస్తుండగానే సాకెట్లో తన ఫోన్ పెట్టి చూపించాడు. వెలిగింది. "ఎప్పుడైనా నడుస్తది కదా?" అని అడిగాను. "ఫికర్ వద్దక్కా" అన్నాడు. తాళంచెవి తీసి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఈ రోజుకీ నా మీద నాకు పోని కోపం అది.

ఆ తర్వాతి సంత రాజోలిలో. మా పక్కనే ఎండుమిర్చి మూటలు దించుతున్నారు. బండి జరుపుదామంటే ముందూ వెనకా చోటు లేదు. ఘాటుకు నాకే తుమ్ములు ఆగడం లేదు. రంధ్రం మీద తడిగుడ్డ కట్టాను ఆయనకు. అయినా దగ్గు మొదలైంది. ఆ దగ్గుకు చప్పుడు ఉండదు. ఛాతీ ఎగిరెగిరి పడుతుంది, మెడ దగ్గర ఈల లాంటి గాలి. కాసేపటికి ఆ ఈల కూడా సన్నబడింది.

బేరమాడుతున్న మనిషి చేతిలోని చొక్కా అట్లాగే వదిలేసి వ్యాన్ ఎక్కాను. గొట్టం తగిలించి మిషన్ మీట నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. వైరు ఊపాను. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టాను. మిషన్‌ను అరచేత్తో కొట్టాను. లేదు. ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. చెయ్యెత్తి ముందుకు చూపిస్తున్నాడు. నీళ్ళేమో అనుకుని సీసా అందించాను. దాన్ని విసిరికొట్టాడు. నా మణికట్టు పట్టుకుని, తన వేళ్ళతో ఏదో తిప్పినట్టు చేసి చూపించాడు. తాళంచెవి.

అది నా నడుముకు కట్టుకున్న సంచిలో ఉంది. చిల్లర, నోట్లు, సేఫ్టీ పిన్నుల మధ్య. సంచిని మొత్తం బోర్లించాను. అది దొరకగానే సీట్ల మీదుగా ముందుకు పాకి తిప్పాను. వెనక మిషన్ గుర్రుమంది.

గొట్టం పెట్టి లాగాను. మళ్ళీ లాగాను. ఛాతీలోకి గాలి పోవడం కళ్ళతో చూశాను. కింద చిల్లర ఏరుతున్న ఒకామె "ఏమైందమ్మా, గిట్ల పరేషానున్నవ్?" అని అడిగితే చెయ్యి చాచి ఆ చిల్లర తీసుకున్నాను. అప్పటికి భయమే. కోపం ఇంటికి వచ్చే దారిలో వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వనపర్తి పోయాను. సంత లేదు, పని లేదు, దానికోసమే పోయాను.

"చావి తీస్తే కరెంటు బందయింది. నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్?"

అతనికి తప్పు చేశానన్న ఆలోచనే లేదు. నవ్వుతున్నాడు. "చావి లైనుకే కలిపిన అక్కా. సీదా పెడ్తే బ్యాటరీ దిగుతది. ఆడోళ్ళు ప్లగ్గు పెట్టి మర్చిపోతరు. పొద్దుగాల బండి స్టార్టు గాక ఇబ్బంది పడ్తవని, నీ మంచికే చేసిన."

"నా మంచికా? మరి ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె నువ్వు ఇంటవా?"

ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. "నిన్న ఈయన పాణం పోయేది, నీకు తెల్సా? నా బండి, నా పైసలు, నా మొగుడు. మర్చిపోతనో యాదికుంటదో నువ్వెవనివి చెప్పనీకె?" అన్నది మాత్రం గుర్తుంది. పక్క దుకాణాల వాళ్ళు చేరారు. ఒక పెద్దమనిషి "పోనీయమ్మా, చిన్నోడు, మంచికే చేసిండు గద" అన్నాడు. అందరూ అదే మాట. మంచికే చేశాడట. మా ఆయన ఊపిరాగిపోయి ఉంటే కూడా ఇట్లాగే చెప్పేవాళ్ళు, మంచికే చేశాడని.

అంతలో ధన్‌మని చప్పుడైంది. మా ఆయన బండి దిగి, అరచేత్తో వ్యాన్ రేకును బాదుతున్నాడు. ఒకసారి కాదు, ఆగకుండా. ముఖం ఎర్రగా అయిపోయింది. అందరూ నోరు మూశారు. అప్పుడు ఎలక్ట్రీషియన్ "సరే, ఇయ్యాల మార్చి పెడ్త, పైసలొద్దు" అన్నాడు. నేను సీటు కిందికి చెయ్యి పెట్టి అతను వేసిన వైరును పట్టి లాగాను. తేలిగ్గా ఊడి వచ్చింది. వట్టిగా మెలిపెట్టి టేపు చుట్టాడంతే. దాన్ని అతని బల్ల మీద పడేసి బండెక్కాను.

ఆ వారం నాగర్‌కర్నూల్ సంత ముగిశాక అక్కడి స్పేర్ పార్టుల దుకాణానికి పోయాను. ఏమేం కావాలో ఆయన పలక మీద రాసిచ్చాడు. మందపాటి వైరు, ఫ్యూజు, దాని డబ్బీ, రబ్బరు బుష్షు, సాకెట్. బోరు లారీ మీద ఉన్నన్నాళ్ళూ ఇట్లాంటి పనులన్నీ ఆయనే చేసుకునేవాడు. ఇప్పుడు వంగితే ఊపిరి పట్టేస్తుంది.

"ఎవలు ఫిట్ చేస్తరమ్మా?" అని అడిగాడు దుకాణదారు.

"నేనే."

అతను ఇంకేమీ అనకుండా, రబ్బరు బుష్షు రంధ్రానికి సరిపోతుందో లేదో చూసుకొమ్మని రెండు సైజులు ఇచ్చాడు. అంత చిన్న మర్యాదకు నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అది కూడా చిరాకే.

ఆదివారం ఇంటి ముందు పని పెట్టుకున్నాను. ముందు సీటు ఎత్తితే కింద బ్యాటరీ. పానా పట్టుకుని ప్లస్సు మీద చెయ్యి వేయబోతే పలక టకటక మోగింది. "మొదలు మైనస్ తియ్యి" అని రాసి ఉంది. తీశాను. ఎర్ర వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టమన్నాడు. ఎక్కడైనా వైరు గీసుకుపోయి రేకుకు తగిలితే ఫ్యూజు పోతుంది, బండి కాలదు. రేకు అంచు వైరును కొయ్యకుండా రంధ్రంలో రబ్బరు బుష్షు. నల్ల వైరును బాడీకి బిగించే చోట రంగు గీకెయ్యమన్నాడు. గీకాను. "ఇంకా" అని రాశాడు. ఇనుము తళతళలాడే దాకా గీకాను. ఒక జాయింటు వదులుగా ఉందని మూడుసార్లు విప్పించాడు. మూడోసారి నేను పానా నేలకేసి కొట్టి, "నువ్వే చేసుకో పో" అని అరిచాను. ఆయన భుజాలు కదిలాయి. చప్పుడు లేని నవ్వు. నాకు నవ్వు రాలేదు. మళ్ళీ విప్పి బిగించాను.

అంతా అయ్యాక తాళంచెవి తీసుకుపోయి వంటింట్లో పెట్టి వచ్చాను. మిషన్ మీట నొక్కాను. నడిచింది.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. ఆ సాకెట్ ఒక్కనాడూ మోసం చెయ్యలేదు. మోసం చేసింది నేనే, ఒకే ఒకసారి. ఫోన్ ఛార్జర్, చిన్న ఫ్యాను రెండూ పెట్టి మర్చిపోయాను. నాగర్‌కర్నూల్ సంతలో బ్యాటరీ దిగిపోయింది. ఉల్లిగడ్డలమ్మే ఇద్దరు ఆడవాళ్ళు వెనక నుంచి తోస్తే బండి కదిలి స్టార్టయింది. పది నిమిషాలు పట్టింది. ఆ తోసిన వాళ్ళలో ఒకామె చెమట తుడుచుకుంటూ "మీ బండికి బలం లేదక్కా" అని నవ్వింది, అంతే.

ఆ సాయంత్రం ఆయన పలక మీద రాశాడు. "వాడు చెప్పిందే అయింది." కింద ఇంకో వరుస: "ఇగ కోపం చాలు."

"ఏం చాలు?" అన్నాను. "బ్యాటరీ దిగితే ఇద్దరు తోస్తె లేచింది. ఆ దినం నువ్వు పోయుంటే నిన్నెవలు తోస్తుండిరి?"

ఆయన ఆ రెండు వరుసలూ తుడిచేశాడు. నేను గొట్టం వేడినీళ్ళలో కడిగి ఆరబెట్టాను. మర్నాడు వనపర్తి వైపు సంత. ఆ కరెంటు పని చేసేవాడి దుకాణం ముందు నుంచే పోవాలి. పోయాము. అతను చెయ్యెత్తి మా ఆయనకు నమస్కారం పెట్టాడు. నేను హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా ఆ వీధి దాటాను.